స్కూటీ మీంచి పడని పళ్ళు

ఉద్యోగం కొత్త, జీతం కొత్త, లోకం మీద నమ్మకం కూడా కొత్తగానే ఉన్న ఆ రోజుల్లో, ఆఫీసువాళ్ళు ఏ కార్డు చేతికిచ్చినా అది దేవుడిచ్చిన వరమే అనుకునేదాన్ని. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కొరాపుట్‌లో ఒక లారీ కాంట్రాక్టరు ఆఫీసులో పని. పని అంటే, దామంజోడి వైపు వెళ్ళే లారీ డ్రైవర్లకి ఫోన్ చేసి "ఎక్కడున్నావు?" అని అడగడం, వాళ్ళు చెప్పిన అబద్ధాన్ని మేనేజరుగారికి మర్యాదగా వినిపించడం. చేరిన మూడో నెలలో అందరికీ ఆరోగ్య బీమా కార్డులు పంచి, దాంతో పాటు చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. తిరగేస్తుంటే ఒకచోట 'దంత చికిత్స' అన్న మాట కనిపించింది. అంతే, పుస్తకం మూసేశాను. (దాని పక్కనే 'మినహా' అని ఉందట. ఆ వయసులో రెండో మాట దాకా చదివే ఓపిక ఎవరికుంటుంది?)

నా ఆనందం మీకు అర్థం కావాలంటే నా పళ్ళ గురించి చెప్పాలి. నేను గదిలోకి రావడానికి ఒక క్షణం ముందే నా పై పళ్ళు వచ్చి కూర్చునేవి. బళ్ళో నా పేరు 'కొబ్బరికోరు'. చినుకులు పడుతుంటే "ముందు దీని పళ్ళు తడుస్తాయే" అని నా స్నేహితురాళ్ళే పందెం కట్టేవారు. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా కుడిచెయ్యి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. చేతిలో పుస్తకం ఉంటే పుస్తకం, గరిటె ఉంటే గరిటె. ఒకసారి పెళ్ళి భోజనాల్లో సాంబారు గరిటె అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ పెళ్ళి వీడియోలో ఇప్పటికీ అది అలాగే ఉంది.

ఆ శనివారమే రాయగడ రైలెక్కి మా ఇంటికి వెళ్ళిపోయాను. నాన్నకి అక్కడ పసుపు, చింతపండు టోకు వ్యాపారం. బట్టల కొట్టు మేడ మీద కొత్తగా పళ్ళ ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ నా నోట్లోకి చాలాసేపు చూసి, నాలుగు పళ్ళు తీసేసి, రెండు వరసలకీ తీగ కట్టి, రెండేళ్ళు నెలనెలా బిగించాలంది. ఖర్చు చెప్పింది. నాన్న ముఖంలో ఏ మార్పూ లేదు. చింతపండు బస్తా ముందు నిలబడ్డప్పుడు పెట్టే ముఖమే పెట్టి బేరం మొదలెట్టారు.

"పై వరసకే కట్టండమ్మా. కింద వరస ఎవులు సూస్తారు?"

"రెండు దవడలూ కలవాలి కదండీ."

"పోనీ, ఇంకో ఇద్దర్ని తెస్తాను. మా తోడల్లుడి పిల్లలకీ వంకర పళ్ళే. ముగ్గురికీ కలిపి టోకు ధర సెప్పండి."

డాక్టరమ్మ నవ్వింది. (ఎంత తిన్నని పళ్ళో! నాకు ఒళ్ళు మండింది.) నాన్న ఆఖరి అస్త్రం తీశారు. "ఆ తీగ నన్ను తెమ్మంటారా? మా ఈధిలో ఇనప సామాన్ల కొట్టుంది. ఆడు నాకు తక్కువలో ఇస్తాడు."

అప్పుడు నేను గర్వంగా బీమా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, పాపం మెల్లగానే చెప్పింది: పళ్ళు తిన్నగా చేయించుకోవడం అందం కోసం చేయించుకునే పని కిందికి వస్తుందట, బీమావాళ్ళు ఇవ్వరట, ప్రమాదంలో దెబ్బ తగిలితేనే ఇస్తారట. అందం అన్న మాట నా పళ్ళతో కలిపి ఒకే వాక్యంలో వినడం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి నేను ఏడుస్తుంటే మా రూల్సు మావయ్య వచ్చాడు. ఈయన అమ్మకి తమ్ముడు. ఏ ఆఫీసు రూలైనా, దాన్ని దాటే దారైనా తనకి తెలుసని ఆయన నమ్మకం. (రూలు గురించి ఆయన చెప్పింది నిజమే అయ్యేది. దారి గురించే ఎప్పుడూ కాదు.) సంగతంతా విని తొడ మీద చరుచుకున్నాడు.

"ప్రమాదమే కదేటే అమ్మి ఆళ్ళకి కావలసినాది? నువ్వు స్కూటీ మీంచి పడిపోనావు. పళ్ళు ముందుకొచ్చేసేయి. అయిపోనాది!"

"నాకు స్కూటీ లేదు మావయ్యా."

"నాది ఉన్నాది కదే. నువ్వు పడ్డానికి నాది సాల్దేటి?"

వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. దరఖాస్తు ఆయనే నింపాడు, సంతకం మాత్రం నేనే పెట్టాను, కాబట్టి తప్పు నాదే. దరఖాస్తుతో పాటు ప్రమాదానికి ముందు తీయించుకున్న ఫోటో కూడా అడిగారు. మావయ్య తడుముకోలేదు. "నోరు మూసుకున్న ఫోటో పంపించు. మూసిన నోట్లో పళ్ళు ఎలగున్నాయో ఏ మొనగాడు సెప్పగలడే?" నా ఫోటోలన్నీ నోరు మూసుకున్నవే కాబట్టి ఏరుకునే బాధ లేకపోయింది.

కాగితాలు పంపాక నాకు నిద్ర, తిండి రెండూ కరువయ్యాయి. ఆఫీసులో ఫోన్ మోగితే నన్ను ఉద్యోగం లోంచి తీసేయడానికే అనుకునేదాన్ని. ఓ పదిహేను రోజులకి నిజంగానే ఫోన్ వచ్చింది. బీమావాళ్ళ మనిషి విచారణకి రాయగడలో మా ఇంటికే వస్తున్నాడట. నేను సెలవు పెట్టి పరుగెత్తాను. మావయ్య నా చెంపకి పసుపు రాసి, మోకాలికి గుడ్డ చుట్టాడు. (పడి నెల దాటిందని రాసినవాడు ఆయనే.) "అత్తని పెరట్లో కూర్సోబెట్టండి, ఈ సంగతి ఆవిడికి సెప్పకండి" అన్నాడు. అత్త అంటే నాన్నగారి అమ్మ, మా మామ్మ.

వచ్చిన బీమా బాబు ఒడియావాడు, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. తెలుగు ఆగి ఆగి మాట్లాడేవాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, "స్కూటీ ఏ పక్కకి పడింది?" అని అడిగాడు. నేను ఎడమ అన్నాను. అదే క్షణంలో మావయ్య కుడి అన్నాడు. నాన్న ఫ్యాను వేగం పెంచారు. ఇంతలో, ఇంటికి మనిషి వస్తే మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదా అనుకుంటూ మామ్మ గ్లాసు పట్టుకుని పెరట్లోంచి వచ్చేసింది.

"అమ్మగారూ, మీ మనవరాలికి పళ్ళు దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"దెబ్బేటి బాబూ? దెబ్బ తగిల్తే ఇలాటి పళ్ళొస్తాయేటి? ఇయి మా ఆయన పళ్ళు! రా, సూపిస్తాను."

ఆయన్ని చెయ్యి పట్టుకుని లేవదీసి గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ దండ వేసిన తాత ఫోటో ఉంది. ఆ ఫోటోలో తాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. పైవరస అచ్చం నాదే. వేలు పెట్టి ఒక్కో పన్నూ చూపించింది. "ఇదిగో, ఈ ముందు రెండూ సూడు. నా కొడుక్కి రాలేదు, మా ఆడపిల్లకీ రాలేదు. ఒక తరం ఆగి ఈ గుంటకొచ్చేయి. అమ్మీ, ఓసారి పళ్ళు సూపించవే బాబుకి!"

"ఆవిడికి మతి సరిగ్గా ఉండదండీ" అన్నాడు మావయ్య.

"నాకు మతి లేదేటిరా? నీ పెళ్ళిలో నువ్వు పీటల మీదే గుర్రెట్టి నిద్రోయేవు. సూత్రం కట్టమని నీళ్ళు సల్లి లేపేరు. నాకంతా గ్యాపకముంది!"

బీమా బాబుకి నవ్వొచ్చింది. ఆపుకోలేక చటుక్కున ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది నేను పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని కనుక వెంటనే గుర్తుపట్టాను. ఫైలు అంచు పక్కనుంచి కనిపించింది: ఆయన పై పన్ను ఒకటి పక్కదాని భుజం ఎక్కి కూర్చుంది. దాంతో నాకూ నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే, ఎందుకో కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. "నేను ఎక్కడా పడలేదండీ, నాకసలు స్కూటీ నడపడమే రాదు" అని చెప్పేశాను. మోకాలి గుడ్డ కూడా విప్పేశాను.

ఆయన ఫైలు మూసేశాడు. తర్వాత, "నేను రిపోర్టు రాస్తే మీ ఆఫీసుకి వెళ్తుంది. ఉద్యోగం ఉండదు. మీరే రాయండి, అప్లికేషన్ వాపస్ తీసుకున్నాను అని. రాసి ఇప్పుడే ఇవ్వండి" అన్నాడు. అక్కడికక్కడే రాసిచ్చాను. వెళ్ళే ముందు మా బీమా పుస్తకం చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాలు చూపించాడు. ఎక్స్‌రేకీ, పన్ను పీకడానికీ ఏడాదికి కొంచెం ఇస్తారట.

నాన్నకి ఆశ్చర్యం. "అదేటి బాబూ, ఇల్లు పడగొట్టడానికి డబ్బులిస్తారు గానీ కట్టడానికివ్వరా?"

"రూల్ అలాగే ఉంది" అన్నాడు ఆయన, ఈసారి ఫైలు లేకుండానే నవ్వి.

ఆయన వెళ్ళాక నన్ను తిడతారనుకున్నాను. నాన్న తాత ఫోటో వైపు చూస్తూ, "మా నాన్న కొట్లో కూర్సుని నవ్వడం నేనెప్పుడూ సూడలేదే. నోటికి తువ్వాలడ్డమెట్టుకునేవోరు. ఆ ఫోటో రోజొక్కటే మర్సిపోయేరు" అన్నారు. నా వైపు తిరిగి, "తీగ కట్టించుకో. సగం నేనిస్తాను, సగం నీ జీతంలోంచి నెలనెలా ఇయ్యి. ఆ డాక్టరమ్మతో బేరం ఇంకా అవలేదు, అది నాకొగ్గీ" అన్నారు. ఆ బేరం రెండేళ్ళూ సాగింది. చివరికి ఆవిడ తగ్గించింది తక్కువే. నాన్న ఆవిడకి పంపిన పసుపే ఎక్కువ అని అమ్మ లెక్క.

తీగ కట్టిన మొదటి వారం నేను మనిషిని కాదు. కొరాపుట్‌లో మా ఇంటి యజమానురాలు జాలిపడి రోజూ మాండియా పేజ్ (మన రాగి అంబలే) గ్లాసుతో ఇచ్చేది. మాట తిరగక, 'స' అనబోతే 'థ' పలికి, ఆఫీసు ఫోన్లో "థార్, లారీ థునాబెడ దాటిందా?" అని అడిగితే, అవతలి డ్రైవరు ఆ గొంతు విని భయపడి మొదటిసారి నిజం చెప్పాడు. ఆ తర్వాత మొండి డ్రైవర్లందరికీ నాచేతే ఫోన్ చేయించేవారు మేనేజరుగారు. జీతం మాత్రం పెంచలేదు.

రెండేళ్ళకి తీగ విప్పారు. ఇంటికొచ్చి నవ్వి చూపిస్తే అమ్మ దిష్టి తీసింది, మావయ్య ఇదంతా తన సలహా వల్లే అన్నాడు. మామ్మ మాత్రం నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "బాగున్నాదే అమ్మి. శానా బాగున్నాది" అంది. తర్వాత చాలా మెల్లగా, "ఆయనే మళ్ళీ ఎల్లిపోనట్టున్నాది" అంది. నేను గోడ మీది తాత ఫోటో వైపు చూశాను.

పళ్ళు మళ్ళీ పాత చోటికి నడవకుండా రాత్రిళ్ళు పెట్టుకోమని డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ తొడుగు ఇచ్చింది. ఆర్నెల్లు భక్తిగా పెట్టుకున్నాను. ఒకనాడు పొద్దున్నే ఆలస్యమై, దాన్ని నోట్లోనే ఉంచుకుని ఆఫీసుకి పరుగెత్తాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తింటూ తీసి కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. ఆ కాగితం ఆకుతో పాటు బుట్టలోకి, బుట్టతో పాటు మునిసిపాలిటీ బండిలోకి వెళ్ళిపోయింది. బండి వెనక సందు చివరిదాకా పరుగెత్తాను కానీ అందలేదు. ఇంకోటి చేయించుకుందామనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

ఈమధ్య అద్దంలో చూసుకుంటే ముందు పన్ను ఒకటి వరసలోంచి కొంచెం ముందుకి జరిగి నిలబడింది. మా డాక్టరమ్మ చూస్తే కోప్పడుతుంది. నేను మాత్రం వేలితో దాన్ని తడిమి చూస్తాను తప్ప వెనక్కి నెట్టను. అబద్ధపు దరఖాస్తు మీద సంతకం పెట్టి చెంపకి పసుపు రాయించుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. దాన్ని కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడదామనుకుంటాను గానీ, దాని ముఖం చూస్తే ముందు నాకు నవ్వొచ్చేస్తుంది.