మావయ్య గిటారు పేరు

మొన్న ఒక ఆదివారం, ఒకప్పుడు నా దగ్గర చదువుకొని ఇప్పుడు విశాఖపట్నంలో నర్సుగా ఉన్న అమ్మాయి నా ఫోనుకు ఒక వీడియో పంపింది. అరకులో మా ఇంటి వరండా చివర, కుడివైపు స్తంభం పక్కన నిలబడితే తప్ప సిగ్నలు రాదు. కాబట్టి నేను ఏ వీడియో అయినా నిలబడే చూస్తాను. ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్లయినా ఇంకా నిలబడే కాలం గడుపుతున్నానని మా ఆయన వెక్కిరిస్తారు. ఆ వీడియోలో ఎవరో ఒక గిటారును చేత పట్టుకొని దేశదేశాలు తిరుగుతూ, దాని తల మీద బంగారు రంగులో వాలుగా రాసి ఉన్న కంపెనీ పేరును కనిపించినవాళ్లందరి చేతా చదివిస్తున్నాడు. ఇంగ్లీషులో జె తో మొదలై ఇ తో ముగిసే ఎనిమిది అక్షరాల పేరు అది. లండన్‌లో ఒక ముసలాయన జోర్వాచ్ అన్నాడు. జర్మనీలో ఒక అమ్మాయి యోర్వాహె అంది. స్పెయిన్‌లో మొదటి అక్షరం హ అయిపోయింది. పారిస్‌లో చివరి అక్షరం ఎవరూ పట్టించుకోలేదు. జపానులో ఇద్దరు పిల్లలు దాన్ని ముక్కలు ముక్కలుగా విరిచి జోరుబాచే అన్నారు. చివరికి ఆ గిటార్లు తయారయ్యే చోటికే వెళ్లి అడిగితే, తీగలు బిగిస్తున్న ఒకావిడ ఒక రకంగా పలికింది, పక్కనే చెక్క నునుపు చేస్తున్నాయన ఇంకో రకంగా పలికాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకుని మళ్లీ పనిలో పడ్డారు.

నేను నవ్వలేదు. ఆ పేరు నాకు నలభై ఏళ్లుగా తెలుసు. ఆ పేరు ఎలా పలకాలో నాకు మాత్రమే తెలుసునని ఒకప్పుడు నిండు చర్చిలో చెప్పాను కూడా. వీడియోను మూడుసార్లు చూశాను. నేను చెప్పినట్టు పలికినవాళ్లు అందులో ఒక్కరూ లేరు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్న మావయ్య, అరకు నుంచి హుకుంపేట వైపు వెళ్లే దారిలో, రోడ్డు వదిలి కొండ ఎక్కితే వచ్చే మా ఊళ్లో సంఘ పెద్ద. సంఘ పెద్ద అంటే పెద్ద హోదా ఏమీ కాదు. చర్చి ఊడవడం, గంట కొట్టడం, పాస్టరు గారు రాని ఆదివారం పాటలు పాడించి ప్రార్థన చేయడం. మిగతా ఆరు రోజులూ పొలంలో చోళ్లు, సామలు, వలిసెలు, కాస్త పసుపు. ఆ రోజుల్లో మిషన్ ఆసుపత్రికి ఒక విదేశీ డాక్టరమ్మ వచ్చింది. సాయంత్రాలు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గిటారు వాయించుకునేది. మావయ్య కట్టెలు దించే వంకతో అక్కడికి చేరేవాడు. ఆ వేసవంతా ఆవిడ వేళ్లు చూసి చూసి, అడిగి తీసుకొని, మన పాటలకు సరిపడా, తీగలు నొక్కే నాలుగు పట్లు నేర్చేసుకున్నాడు. వానలు మొదలయ్యాక ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోతూ గిటారును పెట్టెతో సహా మావయ్య చేతిలో పెట్టింది.

మా ఊళ్లో కొత్తది ఏది వచ్చినా కొత్తలు చెయ్యకుండా ముట్టుకోరు. చిక్కుడు కాయనివ్వండి, మామిడి పండనివ్వండి, ముందు దేవుడికి చూపించి ఆ తర్వాతే నోట పెట్టాలి. చర్చిలోకి వచ్చాక కూడా మావాళ్లు ఈ అలవాటు వదల్లేదు. కోత పండుగ రోజు కొత్త పంటను బలిపీఠం ముందు పెట్టి సంఘ పెద్ద ప్రార్థన చేస్తాడు, తర్వాతే ఇళ్లలో వండుకుంటారు. మావయ్యకు గిటారు కూడా పంటలాగే తోచింది. డాక్టరమ్మది అయినంత కాలం వాయించాడు గాని, తనది అయ్యాక దాన్ని తాకలేదు. కోత పండుగ దాకా, అంటే నాలుగు నెలలు, అది పెట్టెలోనే దూలానికి వేలాడింది.

వాయించడానికి లేని గిటారుతో ఊరు ఏం చేస్తుంది? పేరు చదువుతుంది. పెట్టె తెరిచి చూడటానికి అభ్యంతరం లేదు గనుక వచ్చినవాళ్లందరూ చూసి తలో రకంగా చదివారు. సంతకు వచ్చే కిరాణా శెట్టి గారు, విజయనగరం నుంచి వచ్చి స్థిరపడినాయన, జార్వాచ్ అని చదివి, అది గడియారాల కంపెనీ అనీ, మామగారు పెళ్లికి అలాంటిదే పెట్టారనీ చెప్పాడు. కాఫీ తోటల ఆఫీసరు పెదాలు సున్నాలా చుట్టి జోర్వాష్ అన్నాడు. పాస్టరు గారి వాదన మాత్రం గట్టిది. ఇంగ్లీషు బైబిల్లో యేసు, యోహాను, యాకోబు అందరూ జె తోనే ఉన్నారు, మనం య అంటున్నాం, కాబట్టి ఇది యోర్వాచే. దీనికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మావయ్య అందరి మాటా విని తల ఊపి, తనకు వచ్చినట్టు జొరవాసి అనేవాడు. మా వైపు చ పలకదు, స అవుతుంది. డాక్టరమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడను ఒక్కరూ అడగలేదన్నది ఆవిడ విమానం ఎక్కాక గాని ఎవరికీ తట్టలేదు.

సరిగ్గా అప్పుడే నేను మేష్టరమ్మనై వచ్చాను. మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఆరేళ్లప్పుడు నన్ను మిషన్ వాళ్ల హాస్టల్లో వేశారు. అక్కడ వార్డెనమ్మ మైదానం మనిషి. 'సదువు' అన్న ప్రతిసారీ నన్ను బెంచీ ఎక్కించి 'చదువు' అని పదిసార్లు అనిపించేది. 'ఏటి' అంటే పిల్లలంతా పగలబడి నవ్వేవారు. అన్నేళ్లు దిద్దించుకున్న మనిషి చేతికి ఒక ఎర్ర సిరా కలం ఇస్తే ఏమవుతుందో అదే అయ్యాను. శెట్టి గారి బోర్డు దిద్దాను, పాస్టరు గారి కరపత్రం దిద్దాను, మా అమ్మను కూడా దిద్దాను. గిటారు పేరు చూడగానే నాకు ఏ సందేహమూ కలగలేదు. చివర ఇ ఉంటే అది పలకదు, ముందున్న అచ్చును సాగదీస్తుంది. అందుకని జోర్వేచ్. రూలు ఉంది కదా.

కోత పండుగ నాడు చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందు చోళ్ల కంకులు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, వాటి మధ్య తెరిచిన పెట్టెలో గిటారు. మావయ్య ఉతికిన పంచె కట్టుకొని, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. పొలాల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి అప్పగించాడు. తర్వాత పెట్టె వైపు చెయ్యి చాచాడు. "పెబువా, ఈ జొరవాసి గిటారు నీదే. దీన్ని" అన్నాడు. నేను రెండో వరసలో ఉన్నాను. క్లాసులో అన్నట్టే, ఆలోచించకుండా, "జొరవాసి కాదు మావయ్యా, జోర్వేచ్" అన్నాను.

హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. మావయ్య కళ్లు తెరిచి నా వైపు చూశాడు. కోపం కనిపించలేదు. అలాగే నిలబడ్డాడు. ఊరు ఊరంతా నా వైపు తిరిగి చూసింది, చాలాసేపు. నా ఇంగ్లీషును మెచ్చుకుంటున్నారనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. చివరికి పాస్టరు గారు తడబడుతూ ఆమెన్ అనేసి పాట ఎత్తుకున్నారు. మావయ్య పెట్టె మూసి గడియ పెట్టాడు. ఆ రోజు గిటారు వాయించలేదు. ఆ తర్వాత కూడా వాయించలేదు.

మా మధ్య మాటలు పోలేదు. నా పెళ్లికి పందిరి వేసింది ఆయనే. మా పిల్లలకు తేనె తెచ్చిపెట్టింది ఆయనే. చర్చికి కీబోర్డు వచ్చింది, మైకు వచ్చింది, ఆయన పాడుతూనే ఉన్నాడు, పెట్టె మాత్రం దూలానికే ఉంది. ఇంకొకరు అడిగినా ఇవ్వలేదని విన్నాను. పేరు దిద్దినందుకు మనసు కష్టపెట్టుకున్నాడని నాకు తెలుసు, లేదా తెలుసుననుకున్నాను. ఒక చిన్న మాటకు అంత పట్టింపేమిటని మొదట్లో విసుక్కున్నాను. వయసు వచ్చాక సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డ విషయం గురించి మాట్లాడటం ఇంకా కష్టం గనుక ఊరుకున్నాను. ఊరుకోవడం అంత తేలికగా అలవాటయ్యే పని ఇంకొకటి లేదు.

వీడియో చూసిన మర్నాడే ఆటో మాట్లాడుకొని ఊరు వెళ్లాను. మావయ్యకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. వాకిట్లో చాప మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తున్నాడు. పక్కనే అత్త. ఫోను చూపించాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, ఒక్కొక్క దేశం వాళ్లూ పలుకుతుంటే శ్రద్ధగా విన్నాడు. జపాను పిల్లల దగ్గర మెచ్చుకోలుగా తల ఊపాడు. అయిపోయాక, "నాదే తప్పు మావయ్యా. నేను చెప్పినట్టు ప్రపంచంలో ఎవ్వరూ అనటం లేదు. ఆ రోజు నువ్వన్న పేరు దిద్ది నీ మనసు కష్టపెట్టాను" అన్నాను. ఈ మాట అనడానికి దారి పొడుగునా వల్లె వేసుకున్నాను.

ఆయన ఒలుస్తున్న కాయ ఆపి నన్ను వింతగా చూశాడు.

"పేరుకేటుందే గుంటా. నా పేరు ఎవుడు సరిగ్గా అన్నాడని? రేషన్ కార్డులో ఒకటి, ఓటు కార్డులో ఒకటి. ఏటి పిలిసినా పలుకుతన్నాను గదా."

"మరి గిటారు ఎందుకు ముట్టుకోలేదు?"

ఆయన అత్త వైపు చూశాడు. అత్త తల దించుకొని గింజలు చెరుగుతూనే, "దానికి తెల్దు. నాను అప్పుడే సెప్పినాను, దానికి తెల్దని. నువ్వే ఇన్లేదు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. మా ఊళ్లో కొత్తలు చేసేటప్పుడు ఎవరైనా ప్రార్థన తెంపితే, తెంపినవాళ్లే లేచి 'పూర్తి చెయ్యి' అని అడగాలి. అడిగేదాకా చేసేవాడు మళ్లీ నోరు తెరవకూడదు. ఆ వస్తువు అందాకా ఇటూ కాదు, అటూ కాదు, వాడుకోకూడదు. ఏ పసివాడో ఏడ్చి తెంపితే తల్లి లేచి అడుగుతుంది, అర నిమిషం పని. పుట్టినప్పటి నుంచి ఊళ్లో పెరిగిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు. నేను ఆరేళ్లకే హాస్టలుకు పోయాను. ఆ రోజు ఊరంతా నా వైపు చూసింది నేను లేచి అడుగుతానని. నేను బెంచీ మీద నిటారుగా కూర్చుని, మెచ్చుకోళ్లు అందుకుంటున్నాను.

"సదువుకున్న పిల్ల, అడగడం నామోసీ అనుకున్నాది గావాల అనుకున్నాను" అన్నాడు మావయ్య. "మరుసటేడు అడుగుతావనుకున్నాను. మరి ఆ మరుసటేడు. నానే అడిగించుకుంటే అది అడిగినట్టు కాదు గదా."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడ్చాను కూడా. ఒక మనిషి తన నాలుగు పట్లనూ నలభై ఏళ్లు పెట్టెలో దాచుకోవడానికి నేను చేసిన తప్పు కన్నా, నేను అనకుండా ఉన్న ఒక్క మాటే ఎక్కువ కారణమైంది. పొట్టు అంటిన ఆయన చేతులు పట్టుకొని, "పూర్తి చెయ్యి మావయ్యా" అన్నాను.

ఆయన తొందరపడలేదు. లేచి కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. పెట్టెను నేనే దించాను. తీగలు తుప్పుపట్టి రెండు తెగిపోయి ఉన్నాయి. చెక్క మాత్రం బాగానే ఉంది, ఏడాదికోసారి అత్త ఎండకు పెట్టి తుడిచేదట. మావయ్య తలగుడ్డ తీసి భుజాన వేసుకొని కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన మొదటి నుంచి ఎత్తుకోలేదు. ఆగిన మాట దగ్గరే ఎత్తుకున్నాడు.

"దీన్ని నీ సేతుల్లో పెడతన్నాను, దీవించు పెబువా" అన్నాడు. నేను ఆమెన్ అనబోయాను. ఆయన ఆగలేదు. "ఇంకోటి ఉన్నాది. ఈ ఏడు మా ఇంటికి ఇంకో కొత్త వొచ్చింది. మా అక్క కూతురు సదువు అవగొట్టి మేష్టరమ్మయి వొచ్చింది. కుర్రది. ఇంకా ఏటీ తెల్దు దానికి. అది పిల్లలకి సెప్పే ప్రతి మాటా మంచిది సెయ్యి. దాని కొత్త ఉజ్జోగాన్ని నీ సేతుల్లో పెడతన్నాను."

ఆ రోజు గిటారు తర్వాత వరస నాదట. నా మొదటి జీతం రాకముందు, ఊరందరి ముందు, నన్ను దేవుడికి అప్పగించడానికి ఆయన ఆ ప్రార్థనను వారం రోజులు తయారు చేసుకున్నాడని అత్త తర్వాత చెప్పింది. ఆ వాక్యం దాకా నేనే రానివ్వలేదు. ఇప్పుడు కూడా ఆయన ఒక్క మాట మార్చలేదు. అరవై నాలుగేళ్ల దాన్ని, నెరిసిన జుట్టుతో ఆయన పక్కన తల వంచి నిలబడి, కొత్తగా ఉద్యోగంలో చేరినందుకు దీవెన పుచ్చుకున్నాను.

ప్రార్థన అయ్యాక మావయ్య గిటారు ఒళ్లో పెట్టుకొని, మిగిలిన నాలుగు తీగల మీద బొటనవేలు ఆడించాడు. వేళ్లు వంగక ఒక్క పట్టు కూడా కుదరలేదు. అయినా ఆయన పాట ఎత్తుకున్నాడు, అత్తా నేనూ గొంతు కలిపాం. కాలం ఎవరి కోసమూ ఆగదని నేను ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పాను. మావయ్య వాకిట్లో మాత్రం అది, నేను వచ్చి అడుగుతానని, ఒక వాక్యం మధ్యలో నలభై ఏళ్లు నిలబడే ఉంది.