అమ్మ ఎత్తిన చెయ్యి

అరవైల చివర్లో, పొందూరు అవతల మా ఊళ్లో కారంటే ఒక్కటే, మిల్లు షావుకారుది. పురుడొచ్చినా, జ్వరమొచ్చినా, నడవలేనివాళ్ల తాలూకు మనుషులు ఆయన గుమ్మం ముందు నిలబడాల్సిందే. అమ్మమ్మ కళ్లకు శుక్లాలొస్తే, విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లడం కోసం అమ్మ నాలుగు రోజులు అక్కడ చేతులు జోడించుకుని నిలబడింది. "సూద్దాంలే, రేపు రా" అనేవాడాయన, కారు తుడిపించుకుంటూ. ఆ "రేపు" గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ నెలలోనే మా ఊరి మీదుగా విజయనగరానికి బస్సు వేశారు. మొదటి రోజే అమ్మమ్మను తీసుకుని రోడ్డు మీదికొచ్చాం. బస్సు కనబడగానే అమ్మ, అలవాటు కొద్దీ, రెండు చేతులూ జోడించింది. బస్సు మమ్మల్ని దాటిపోయి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి నవ్వాడు.

"ఏటమ్మా, బస్సుకి దండమెడతన్నావు? ఒక్క సెయ్యెత్తు సాలు, ఆగుతాది."

ఆపరేషనై, అమ్మమ్మకు దళసరి కళ్లద్దాలొచ్చాక, మళ్లీ డాక్టరుకు చూపించడానికి ముగ్గురం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎవరూ పిలవకుండానే షావుకారు కారు మా ముందు ఆగింది.

"ఎక్కు, ఎక్కు. నానూ ఇజీనారమే ఎల్తన్నాను" అన్నాడు అమ్మతో.

అమ్మ చేతులు జోడించలేదు. "మీరెల్లండి బాబూ" అంది.

"అదిగోనే, మన బస్సు!" అని అరిచింది అమ్మమ్మ, అందరికంటే ముందుగా.

కారు వెనకాల బస్సు రేపుకొస్తున్న దుమ్ముకేసి అమ్మ ఒక్క చెయ్యెత్తింది. బస్సు హారను కొట్టింది. కారు పక్కకి తప్పుకుంది.