జహీర్ సార్ జంట మాటల పుస్తకం

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితానికి ఒక వేడి ఉంటుంది, ఇస్త్రీ చేసిన గుడ్డ లాంటి వాసన ఒకటి ఉంటుంది. ఖమ్మంలో నేను పనిచేసే వకీలు గారి ఆఫీసులో ఆ వాసన రోజంతా తగులుతూనే ఉంటుంది కాబట్టి చాలాసార్లు గమనించను. గమనించిన రోజు మాత్రం భద్రాచలంలో జహీర్ సార్ నడిపిన డీటీపీ సెంటర్ గుర్తొస్తుంది. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు నేను అక్కడ దరఖాస్తులు టైపు చేశాను.

సార్ చదువు పదో తరగతితో ఆగింది. ఆయన తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవారట. సార్ ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, జనం తెచ్చే కాగితాల్లో. ఆయన దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. ప్రతి పేజీకి నడుమ గీత. ఎడమవైపు ఒక మాట, కుడివైపు దాన్ని పోలిన ఇంకో మాట. డైరీకి ఎదురుగా డెయిరీ. ఒక వీక్‌కు ఎదురుగా ఇంకో వీక్, కింద తెలుగులో వారం, నీరసం. ఆ మాట ఎవరిని ఇబ్బంది పెట్టిందో కూడా రాసుకునేవారు. బూర్గంపాడు నుంచి వచ్చిన ఒకాయన పాలకేంద్రానికి లోను అడిగితే కాగితంలో డైరీ అని పడిందట. నోటు పుస్తకానికి లోనెందుకని బ్యాంకులో నవ్వారట.

నేను చేరిన రోజు స్టేషనరీ అని రాయమన్నారు. రాశాను. కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఇది కాయితాలు అమ్మేదా, కదలకుండ ఉండేదా?"

ఒక్క అక్షరం తేడాతో అవి రెండు మాటలని నాకప్పటికి తెలియదు. ఇంగ్లీషు మీడియంలో చదివానన్న గర్వం మాత్రం ఉంది. ఆయన నవ్వలేదు. "మా అబ్బాజాన్ గూడ గిట్లనే రాసిండు, బజార్ల ఒక షాపు మీద. ఇరవై ఏండ్లయింది, షాపు కదల్లే" అన్నారు.

తప్పు రాస్తే కంప్యూటరే కింద ఎర్రగీత పెడుతుంది కదా సార్ అన్నాను.

"మాట తప్పయితే పెడ్తది బేటీ. మాట మంచిదే, మనిషికి తప్పయితే అదేం పెడ్తది?"

పాతకాలం మనిషి చాదస్తం అనుకున్నాను.

మూడో ఏడు ఒక శుక్రవారం సార్ నమాజుకు వెళ్లినప్పుడు కన్నమ్మ అనే ఆమె వచ్చింది. దుమ్ముగూడెం అవతల, అడవిలో ఊరు. భర్త ముత్తయ్యకు ఊపిరితిత్తుల జబ్బు, వైద్యానికి సాయం చేయమని అధికారులకు దరఖాస్తు పెట్టాలి. "జల్దీ కొట్టమ్మా, బస్సు పోతది" అంది. పది నిమిషాల్లో కొట్టి ఇచ్చాను. వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. ఆమె తరఫున ‘నా భర్త జబ్బు మనిషి’ అని ఇంగ్లీషులో రాయబోయి, డిసీజ్డ్‌కు బదులు డిసీస్డ్ అని కొట్టాను. చనిపోయాడని. రెండూ మంచి మాటలే కాబట్టి ఎర్రగీత రాలేదు.

రెండు నెలల తర్వాత ఇద్దరూ వచ్చారు. ముత్తయ్య గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"రేషన్ కార్డుల ఈన పేరు తీసేసిండ్రంట అయ్యా. చచ్చిపోయినోనికి మందులెట్ల ఇస్తమంటుండ్రు దవాఖానల" అంది కన్నమ్మ. "మనిషి ఈడ నిలబడ్డడు గద. ఆరు వారాల సంది మందు లేదు."

సార్ కంప్యూటర్‌లో పాత కాగితం తెరిచి చదివారు. నా ముఖం చూశాక ఎవరు కొట్టారని అడగాల్సిన పని ఆయనకు లేకపోయింది. ఆయనే ఏదో సర్ది చెప్తారని ఎదురుచూశాను.

"నువ్వే చెప్పు వాళ్లకు" అన్నారు.

చెప్పాను. జబ్బని రాయబోయి చనిపోయాడని రాశానని, రెండక్షరాలు అటూ ఇటూ అయ్యాయని. ముత్తయ్యకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని అడిగాడు.

"అంత దగ్గర దగ్గరుంటయా బిడ్డా, ఆ రెండు మాటలు?"

కన్నమ్మ నవ్వలేదు. బొటనవేలు చూసుకుంటూ అంది. "నా మొగడు సచ్చిండన్న కాయితం మీద నేనే ఏలు పెట్టిన్నా? ఒక్కసారి సదివి చెప్తే ఆపుదును గదమ్మా."

సార్ తల దించుకున్నారు. ఆయన అలా దించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాటి నుంచి షట్టర్ దించేసి ఆయన వాళ్లతోపాటు ఆఫీసులన్నీ తిరిగారు. నన్నూ తీసుకెళ్లారు. ప్రతి బల్ల దగ్గరా ఈ తప్పు మాదే అని ముందు చెప్పేవారు, తర్వాతే కాగితం ఇచ్చేవారు. మూడో వారంలో పేరు మళ్లీ ఎక్కింది, వైద్యం మొదలైంది. ముత్తయ్య ఇంకో ఐదేళ్లు బతికాడు. అయితే తునికాకు కోతకు మళ్లీ అడవికి పోలేకపోయాడు. మందు లేని ఆ వారాల వల్లేనా అని డాక్టరును అడిగాను. ఆయన అవుననలేదు, కాదనీ అనలేదు.

ఆ జంటను నోటుబుక్కులో నన్నే రాయమన్నారు సార్. కింద ముత్తయ్య పేరు రాశాను. నన్ను తిడతారేమోనని చాలా రోజులు చూశాను. తిట్టలేదు. "అన్నేండ్ల సంది మాటలు రాసుకున్న గని, వేలిముద్రకు ముందు చదివి వినిపియ్యాల్నని నాకు తట్టలే" అని మాత్రం అన్నారు. సెంటర్ మూసేసిన ఏడాదికి ఆయన పోయారు. నోటుబుక్కు ఏమైందో ఇంట్లోవాళ్లకూ తెలియదు.

ఇక్కడ మా వకీలు గారికి నా మీద ఒకటే ఫిర్యాదు, నేను ఆలస్యం చేస్తానని. ఇంగ్లీషులో కొట్టిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపిస్తాను. చాలామంది వినకుండానే తల ఊపుతారు. అయినా చివరిదాకా చదువుతాను. మొన్న ఒక ముసలామె మూడో లైను దగ్గర చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. నేనట్ల చెప్పలే."

ఆమె చెప్పినట్టే మళ్లీ కొట్టాను.