ఇరవై ముగ్గురికి ఏడో నెల

1998 మార్చి, రెండో ఆదివారం. రాజమండ్రి. హాజరైనవారు: దూరవిద్య స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ గారు, కామర్స్ చెప్పే పార్ట్‌టైమ్ మాస్టారు, గుమస్తా, ఎకనామిక్స్ చెప్పే నేను. పదకొండున్నర నుంచి ఒక విద్యార్థిని. బల్ల మీద పూతరేకుల పెట్టె ఒకటి.

ఆ రోజు డైరీలో ఇంతకు మించి లేదు. యాభై ఏళ్ళుగా ఏ రోజూ పేజీ నింపకుండా పడుకోని నాకు ఆ రాత్రి రాయబుద్ధి కాలేదు.

జూనియర్ కాలేజీలో రిటైరయ్యాక ఆ సెంటర్లో ఆదివారాలు పాఠం చెప్పేవాణ్ణి. బి.ఏ. ఆఖరి సంవత్సరానికి ఇరవై నలుగురు పేర్లున్నా క్లాసుకి వచ్చేది ఒక్కావిడే. ఆత్రేయపురం నుంచి బస్సులో వచ్చేది. అంగన్‌వాడీ కార్యకర్త. సూపర్‌వైజర్ పోస్టుకి డిగ్రీ కావాలి, వయసు చూస్తే ఆమెకి అదే ఆఖరి ఏడు. మిగతా ఇరవై ముగ్గురూ ప్రమోషన్ కోసం డిగ్రీకి కట్టిన మగ ఉద్యోగులు. వాళ్ళ సంతకాలు మాత్రం హాజరు పట్టీలో క్రమం తప్పకుండా ఉండేవి.

జనవరిలో ఆమె ఇంటి దగ్గర రాసిన అసైన్‌మెంటు తెచ్చి నా చేతికిచ్చింది. క్షీణ ప్రతిఫలాల సూత్రాన్ని వివరించమన్నది ప్రశ్న. పుస్తకంలో ఉన్న గోధుమ పొలం ఆమె రాయలేదు. తమ ఇంటి పూతరేకుల పొయ్యి రాసింది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీసేది అత్తగారు ఒక్కతే. మంట ఎగదొయ్యడానికి రెండో మనిషి కూర్చుంటే రేకులు రెట్టింపు కంటే ఎక్కువే వచ్చాయి. మూడో మనిషి వస్తే కొంచెమే పెరిగాయి. నాలుగో మనిషితో ఏమీ పెరగలేదు. ‘కుండ ఒకటే. మనుషులు పెరిగితే మోచేతులు తగులుతాయి గాని రేకులు పెరగవు. నాకు ఏడో నెల వచ్చి పొయ్యి దగ్గర కూర్చోలేక మడతలు పెట్టే పనికి మారాను. అప్పుడు కూడా రేకులు తగ్గలేదు. దాన్నిబట్టి నాకు ఈ సూత్రం తెలిసింది’ అని ముగించింది.

ముప్ఫై నాలుగేళ్ళు ఆ సూత్రం చెప్పాను. అలా చెప్పడం నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ సంతోషంలో నేను చేసిన తప్పు ఒకటుంది. ఆ కాగితాలు గుమస్తాకి అప్పజెపుతూ, “రాస్తే ఇలా రాయాలండీ” అన్నాను.

అందరివీ వచ్చాక మార్చిలో కట్ట విప్పాను. పైన ఉన్నది ఒక హెడ్ కానిస్టేబులుది. ‘నాకు ఏడో నెల వచ్చి పొయ్యి దగ్గర కూర్చోలేక’ అని చక్కని దస్తూరీలో ఉంది. రెండోది బస్సు కండక్టరుది. ఆయనకీ ఏడో నెలే. ఇరవై నాలుగూ చూశాను. అత్తగారు, కుండ, మోచేతులు, ఏడో నెల. ఒకాయన కంగారులో తొమ్మిదో నెల అని రాశాడు.

ఆదివారం కోఆర్డినేటర్ గారి ముందు కట్ట పెట్టాను. కామర్స్ మాస్టారు చదివి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

“హెడ్డు గారికి సీమంతం చెయ్యాలండోయ్! అందుకే కాబోలు ఈ పూతరేకులు పంపించాడు.”

పెట్టె ఆయన పంపించిందే. అందరూ తలొకటి తీసుకున్నారు. నా చేతిలోనూ ఒకటి పెడితే నేనూ తిన్నాను. ఈ మాట దాచను. నేతి వేళ్ళతో వాళ్ళు కాగితాలు తిప్పుతుంటే అక్షరాల మీద మరకలు పడుతున్నాయి.

“ఇవి బయటికి ఎలా వెళ్ళాయి?” అని గుమస్తాని అడిగాను.

“మీరే కదండీ బాగుందన్నారు. పాపం ఉద్యోగస్తులు, చదువుకునే తీరికేదండీ? మోడల్ పేపర్ ఏమైనా ఉందా అంటే జిరాక్సు తీసుకోమన్నాను. ఆ ముక్క మార్చుకునే తెలివి కూడా ఉండదని నాకేం తెలుసు?”

ఒకేలా ఉన్నవన్నీ తిరస్కరించాలని రూలు. తిరస్కరిస్తే వాళ్ళకి హాల్ టికెట్ రాదు, ఆమెకీ రాదు. కోఆర్డినేటర్ గారు, “ఇరవై ముగ్గురి చేత ఇప్పుడు మళ్ళీ ఎవరు రాయిస్తారండీ? రాయగలిగింది ఆవిడొక్కతే. ఆవిడ మార్చి రాసిస్తే సరిపోతుంది. వీళ్ళవాటిలో ఆ ఒక్క వాక్యం కొట్టేద్దాం” అన్నారు.

దొంగిలించినవాడి సరుకు వాడికే ఉంచి, సొంతదారుని ఇంకోటి తెచ్చుకోమనడం! నేను నోరు తెరిచేలోగా గుమస్తా ఆమెని పిలుచుకొచ్చాడు. నా క్లాసు కోసం వరండాలో కూర్చుని ఉంది.

“చూడమ్మా, ఇంకో ఉదాహరణతో మళ్ళీ రాసెయ్యి. నీకదెంతసేపు?” అన్నారు కోఆర్డినేటర్ గారు.

ఆమె ఒక్కొక్క కాగితమే తీసి చూసింది. హెడ్డు గారి కాగితం దగ్గర ఆగింది.

“ఈయనకి కూడా కాళ్ళు వాచాయాండీ?”

ఆ కాగితం తిరిగి కట్ట మీద పెట్టింది.

“ఆ కుండ మాదండి. ఆ కడుపు నాదండి. వాళ్ళ చేత కొట్టేయించండి, నేనెందుకు కొట్టేసుకుంటాను?”

“మంకుపట్టు పడితే నీ ఏడాదే పోతుందమ్మా. తర్వాత వయసు దాటిపోయిందని ఏడిస్తే లాభం లేదు” అన్నారు కోఆర్డినేటర్ గారు.

“పోతే పోతుందండి” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “మాస్టారూ, నాది ముందిచ్చానని మీకు తెలుసు కదండీ?”

“తెలుసమ్మా. డైరీలో తారీకుతో సహా ఉంది” అన్నాను.

“మీ చాదస్తం మీరూనండీ, మాస్టారూ!” అన్నాడు కామర్స్ ఆయన, ఇంకో రేకు తీసుకుంటూ.

మార్కుల జాబితా మీద ఎకనామిక్స్ చెప్పేవాడి సంతకం ఉండాలి. రేపు పదింటికి తెస్తానని లేచాను. ఆమె కూడా పదింటికే వచ్చి కనుక్కుంటానంది. ఆ రాత్రి జాబితా రాశాను. ఆమెకి ఇరవైకి పద్దెనిమిది. తక్కినవారి పేర్ల ఎదురుగా ‘కాపీ, తిరస్కరించడమైనది’. జనవరి డైరీ పేజీకి నకలు రాసి దానికి జత చేశాను.

మర్నాడు పదికి అయిదు నిమిషాలుండగా వెళ్ళాను. నా కాగితాలు సంచిలోంచి తీయకముందే కోఆర్డినేటర్ గారు బల్ల మీదున్న మార్కుల కవరు చూపించారు. సీలు కూడా వేసేశారు.

“మీకెందుకు శ్రమని కామర్స్ మాస్టారి చేత సంతకం పెట్టించేశానండి. మనసు మార్చుకున్నాను, ఎవరినీ ఆపలేదు. అందరికీ పదిహేను. ఆవిడకి కూడా. ఇంక మీకు అభ్యంతరం లేదు కదా?”

ఆమె పాసయినట్టే కదా అనుకున్నాను. ఇంక ఎవరితోనూ తగువు పడక్కర్లేదని నా ఒళ్ళు తేలికపడింది. ఆ తేలిక తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. జాబితా సంచిలోనే ఉండిపోయింది.

మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది.

“పాసయ్యావమ్మా. పరీక్ష రాసుకోవచ్చు” అన్నాను.

“ఎన్నొచ్చాయండీ?”

“పదిహేను.”

“వాళ్ళకి?”

“పదిహేను.”

ఆమె కొంగు సర్దుకుని, వరండా గడియారం వైపు చూసింది.

“పదింబావు బస్సుందండి, వెళ్ళొస్తాను” అంది.