బావమరిది మార్చిన పాస్‌వర్డ్

నేత ఇళ్లల్లో కొత్త అంచు వేస్తే, మొదటి చీర అమ్ముడయ్యేదాకా బయటివాళ్ల కంట పడనివ్వరు. పామర్రు దగ్గర మా ఊళ్లో నాన్న అయితే మరీను. చుట్టాలొచ్చినా మగ్గం గది తలుపు మూసి, అరుగు మీదే మజ్జిగ ఇచ్చి పంపేవాడు. కానీ నా బావమరిది బయటివాడెలా అవుతాడు? నాన్న ఈమధ్యే కొత్త అంచు వేసిన చీరకు ఫొటోలు తీసిందే వాడు. డిజిటల్ కెమెరా వాడిదే మరి.

ఫోన్లలో ఇంకా నెట్ రాని రోజులు. గవర్నర్‌పేటలో మా చీరల కొట్టు, దాని పైనే ఇల్లు. మా ఆవిడ తమ్ముడు మూడేళ్లుగా మాతోనే ఉండేవాడు. ఇంట్లో వైఫై పెట్టించింది, దానికి పాస్‌వర్డ్ పెట్టింది వాడే. హైదరాబాదు షాపాయనకు ఆ ఫొటోలు మెయిల్ చేసి ఆర్డరు తెచ్చుకుంటే నాన్న నాలుగు మగ్గాలకూ వానల్లోపు పని దొరుకుతుంది. వానలు పడ్డాయంటే మగ్గం గుంటల్లోకి నీళ్లూరి నేత ఆగిపోతుంది.

సోమవారం పొద్దున్నే పంపుదామని కూర్చుంటే, పాస్‌వర్డ్ తప్పంటుంది కంప్యూటరు. పెళ్లికని తెనాలి వెళ్లిన బావమరిదికి ఫోన్ చేశాను.

“లైను పోయింది బావా. రెండ్రోజులు పడుతుందంట. నువ్వేం కెలక్కు, నేనొచ్చి చూస్తాలే,” అన్నాడు.

మా వీధి చివరే నెట్ సెంటరుంది. కానీ నాన్న అంచును పదిమంది కూర్చునే చోట తెరవడానికి మనసొప్పలేదు. నా తెలివి అలా ఏడ్చింది.

మూడోరోజు ఒళ్లు మండి, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేశాను.

“లైను అసలు పోలేదండీ. మీ ఇంట్లోవాళ్లెవరో పాస్‌వర్డ్ మార్చుంటారు,” అంది అవతలి అమ్మాయి.

వైఫై పెట్టె వెనక చిన్న బెజ్జం ఉంటుందని, అందులో పిన్ను పెట్టి పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమని చెప్పింది. మా ఆవిడ కొంగుకున్న పిన్నీసు తీసిచ్చింది. దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. పెట్టె అడుగున అంటించి ఉన్న పాస్‌వర్డ్ కొట్టి, ఆ అమ్మాయి చెప్పినవి ఒక్కొక్కటే నింపితే నెట్ వచ్చేసింది. ఇంత చిన్న పనికా మూడు రోజులు అనుకుంటూ ఫొటోలు పంపేసి, షాపాయనకు ఫోన్ చేశాను.

“ఈ అంచు ఆదివారమే వచ్చింది కదండీ? మీ బావమరిదిగారు సొంతంగా వ్యాపారం మొదలుపెట్టారట, వేరేచోట నేయిస్తారట. ఆర్డరు ఆయనకే ఇచ్చేశాను. మీకు తెలీదా?”

తెలుసన్నాను. పరువు కోసం అబద్ధమాడాను. మూడేళ్లు నా కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నవాడు నమ్మించి గొంతు కోశాడు. కోపం కన్నా ముందు సిగ్గేసింది. సొంత అన్నదమ్ములను కూడా అరుగు మీదే ఆపిన నాన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మా ఆవిడ ముందు నమ్మలేదు. నమ్మాక గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది.

“నాకేం తెలీదండీ. పిల్లల మీద ఒట్టు.”

ఆమెకు తెలియదని నాకూ తెలుసు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. నేనప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెడుతున్నాను.

“ఏం పెట్టారండీ?”

పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె దగ్గర బీరువా తాళంచెవి కూడా దాచలేదు. చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను.