గొడుగు గుర్తు పెట్టెలో మేస్త్రి

ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ క్వార్టర్లలో చెక్కపెట్టె లేని ఇల్లు కనపడేది కాదు. ఎక్కడెక్కడి నుంచో యంత్రాల విడిభాగాలు దిట్టమైన పెట్టెల్లో వచ్చేవి. విడిభాగాలు వర్క్‌షాపులోకి పోతే, పెట్టెలు వేలంలో మా ఇళ్ళలోకి వచ్చేవి. మంచం ఆ చెక్కదే, పుస్తకాల అలమర ఆ చెక్కదే, కోళ్ళ గూడూ ఆ చెక్కదే. కొత్త కాపురాలు కూడా ఒక పెద్ద పెట్టెను బోర్లించి దానిమీద కిరసనాయిలు స్టవ్ పెట్టడంతోనే మొదలయ్యేవి. మనుషులందరం పెట్టెల మీద పడుకుని, పెట్టెల మీద తిని, పెట్టెల మీద కూర్చుని పేపరు చదువుకునే ఆ కాలనీలో, ఒక్క కుక్కను పెట్టెలో కూర్చోబెట్టడానికి అంత గొడవ అవుతుందని ఎవరనుకుంటారు? నేనైతే అనుకోలేదు. ఇప్పుడు తలుచుకున్నా నోరు వెళ్ళబెట్టాల్సిందే.

నేనప్పుడు కొత్త అప్రెంటిస్‌ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పటాన్‌చెరు దారిలో ఉన్న ఆ క్వార్టర్లలో పిన్నీ బాబాయిల ఇంట్లో మకాం పెట్టాను. బాబాయికి ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్. బయటికి వెళ్ళే ప్రతి పెట్టె మీదా రేకు స్టెన్సిల్ పెట్టి నల్లరంగుతో గుర్తులు వేయించడం ఆయన పని. గొడుగు బొమ్మ ఉంటే తడవనివ్వకూడదు, గాజుగ్లాసు బొమ్మ ఉంటే పడేయకూడదు, బాణం ఎటు ఉంటే అటు పైకి. ఆ రంగు చేతికి అంటుకుని ఇంటిదాకా వచ్చేది. మా బియ్యం డబ్బా మీద గొడుగు, ఊరగాయ జాడీ మీద గ్లాసు ఉండేవి. (నా ట్రంకు పెట్టె మీద కూడా ఒక బాణం వేశారు. నన్ను ఎటు నిలబెట్టాలో తెలియకేమో.) ఇక మేస్త్రి అంటే మా కుక్క. వయసు మళ్ళుతున్న ఊరకుక్క, గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి మడత. ఫ్యాక్టరీ సైరన్ మోగగానే గేటు దగ్గర నిలబడి, షిఫ్టుకు పోయే వాళ్ళందరినీ పేరుపేరునా చూసి, ఆలస్యమైన వాడి మీద ఒక్క అరుపు అరిచి వచ్చేది. అందుకే ఆ పేరు. పిన్ని మాత్రం దాన్ని 'నాన్నా' అని పిలిచేది. నన్ను 'ఒరేయ్' అనేది.

ఆ ఏడు బాబాయికి బొంబాయి బదిలీ అయింది. సామానంతా లారీలో, మనుషులు రైల్లో. "మరి మేస్త్రి?" అంది పిన్ని. రైల్వే వాళ్ళు కుక్కను పెట్టెలో పెట్టి తెస్తేనే గార్డు బోగీలో ఎక్కించుకుంటారని బాబాయి కనుక్కుని వచ్చారు. "రాత్రంతా పెట్టెలో ఉండాలి. ఈ వయసులో అది ఉంటుందా? ఇక్కడే ఎవరికైనా ఇచ్చేద్దామే" అన్నారు. పిన్ని వంటింట్లోంచి గరిటెతో సహా బయటికి వచ్చింది. "అది రాకపోతే నేనూ రానండీ. మీరు వెళ్ళి రండి" అంది. గొంతు పెంచలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ బాబాయి మాటకు ఎదురు చెప్పడం నేను చూడలేదు. బాబాయీ చూసినట్టు లేదు. పేపరు తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివారు. ఆ పూటే బాబాయి మంచి చెక్క చూసి, గాలికి సందులు వదిలి, ఇనుప గడియ బిగించి ఒక పెట్టె చేయించారు. దాన్ని కుక్కకు అలవాటు చేసే పని నాకు పడింది. ప్రయాణం లోపల మేస్త్రి పెట్టె ఎక్కకపోతే ఒక సంసారం రెండు ఊళ్ళలో ఉంటుంది, అదీ నా భుజం మీది బరువు.

మొదటి రోజు బాబాయి పద్ధతి. అంటే లోడింగ్. ఆయన వెనకనుంచి నెట్టారు, నేను ముందునుంచి లాగాను. కుక్కకు నాలుగే కాళ్ళుంటాయని చదువుకున్నాం గానీ అది అబద్ధం. పెట్టె గుమ్మానికి అటు రెండు, ఇటు రెండు, పైన రెండు ఆనించి అది నిలబడిన తీరు చూసి నేను కొయ్యబారిపోయాను. చివరికి బాబాయి పెట్టెలోకి పడ్డారు, మేస్త్రి వీధిలోకి పడింది. సాయంత్రం దాకా పాలవ్వ గేదెల కొట్టంలో దాక్కుంది. (పాలవ్వ అంటే పక్క ఊరినుంచి మా కాలనీకి పాలు పోసే ముసలావిడ. ఊరందరికీ ఆవిడే పేపరు.) ఆ తర్వాత మేస్త్రి పెట్టె కనపడితే చాలు, తోక కాళ్ళ మధ్య పెట్టుకునేది. బాబాయి అగ్గిపెట్టె తీసినా లేచి పోయేది.

"ఇంక దాని ఒంటిమీద చెయ్యి వేస్తే ఊరుకోను" అని పిన్ని హుకుం జారీ చేసింది. పెట్టె తలుపు ఊడదీయించి, లోపల తన పాత నూలు చీర మడతపెట్టి పరిచి, వరండాలో పెట్టించింది. మేస్త్రి అన్నం గిన్నె మొదట వరండా చివర, తర్వాత కొంచెం దగ్గర, ఆ తర్వాత పెట్టె గుమ్మంలో. అది మెడ మాత్రం లోపలికి చాచి, వెనకకాళ్ళు పారిపోవడానికి సిద్ధంగా పెట్టుకుని తినేది. అంతకు మించి ఒక్క అంగుళం కదలలేదు. నాకు ఓపిక తక్కువ, తెలివి ఎక్కువ అనుకునే వయసు. అందులో భయపడాల్సిందేమీ లేదని నేనే చూపిస్తే సరిపోతుందని తోచింది. ఒక మధ్యాహ్నం తలుపు తిరిగి బిగించి, చేతిలో వార పత్రిక పట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని లోపల కూర్చున్నాను. మేస్త్రి ఎదురుగా కూర్చుని తల ఒక పక్కకు వంచి చూస్తోంది. "చూశావా, హాయిగా ఉంది" అంటూ తలుపు మెల్లగా దగ్గరికి లాక్కున్నాను. గడియ దానంతట అదే పడింది. బాబాయి చేయించిన గడియ అది, ఒకసారి పడితే బయటి నుంచి తప్ప రాదు.

పిన్ని పేరంటానికి వెళ్ళింది. బాబాయి ఆఫీసులో ఉన్నారు. నేను పిలిచిన పిలుపులకు మేస్త్రి ఒక్కటే పలికింది. దగ్గరికొచ్చి, సందుల్లోంచి నా ముక్కు వాసన చూసి, వెళ్ళి నా టిఫిను గిన్నెలోని ఉప్మా తిని, తిరిగొచ్చి అదే చోట కూర్చుంది. ఎంతసేపటికో గేటు చప్పుడైంది. పాలవ్వ. వచ్చినావిడ వచ్చినట్టే చెంబు కిందపెట్టి నెత్తిమీద చేతులు పెట్టుకుంది.

"అవ్వో! గిదేంది బిడ్డా! కుక్క బయట కూసున్నది, నువ్వు లోపట కూసున్నవ్? గీ ఇంట్ల ఎవలు ఎవలను సాకుతున్రు?"

"గడియ తియ్యవ్వా ముందు."

"తీస్త గానీ, జెర ఆగు. గల్లీల అందర్ని పిలుస్త. నేను జెప్తె నమ్మరు."

నిజంగానే పిలిచింది. వీధిలో సగం జనం వచ్చి చూసి వెళ్ళాకే నాకు విడుదల దొరికింది. కానీ అంతకంటే నిర్ఘాంతపోయే సంగతి ఆ తర్వాత జరిగింది. నేను కాళ్ళు చాపుకుంటూ మూలుగుతుంటే, మేస్త్రి లేచి, పెట్టె చుట్టూ ఒకసారి వాసన చూసి, తాపీగా లోపలికి నడిచి, పిన్ని చీర మీద మూడు చుట్లు తిరిగి పడుకుంది. లోపలికి పోయినవాడు మళ్ళీ బయటికి వస్తాడని తన కళ్ళతో చూడటమే దానికి కావలసిందేమో. పేరంటం నుంచి వచ్చిన పిన్ని గుమ్మంలోనే ఆగిపోయి, చేతిలోని శనగలన్నీ పెట్టె ముందు పోసేసింది.

అక్కణ్ణుంచి పని సులువైంది. తలుపు వేసి, వెంటనే తీసేవాణ్ణి. తర్వాత వేసి, కాసేపు పక్కనే కూర్చునేవాణ్ణి. తర్వాత "ఇప్పుడే వస్తా" అని చెప్పి గదిలోకి వెళ్ళి వచ్చేవాణ్ణి. మొదట్లో అది గుర్రుమంటే, నమ్మకానికి నా చెప్పు ఒకటి పెట్టె ముందు వదిలి, ఒంటి చెప్పుతో వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. చెప్పు ఉంది కాబట్టి మనిషి వస్తాడని దానికి అర్థమైంది. (కాలనీలో నాకు పెళ్ళిచూపులు ఆలస్యం కావడానికి ఆ ఒంటి చెప్పు నడకే కారణమని పిన్ని చాలా ఏళ్ళు అనేది.) రైల్లో చీకటిగా ఉంటుందని పైన దుప్పటి కప్పడం కూడా అలవాటు చేశాం. కొన్నాళ్ళకు అది ఎంతదాకా వచ్చిందంటే, సైరన్ మోగినా మేస్త్రి పెట్టెలోంచే ఒక అరుపు అరిచి డ్యూటీ ముగించేది. పిన్ని వచ్చి "రా నాన్నా" అంటే గానీ బయటికి రాకూడదని కూడా నేర్చుకుంది.

సామాను పోయే రోజు వచ్చింది. ముందురోజు మధ్యాహ్నమే బాబాయి రంగు డబ్బా పట్టుకుని వరండాలోని పెట్టెలన్నిటికీ గొడుగు, గ్లాసు, బాణం వేశారు. అలవాటైన చెయ్యి మేస్త్రి పెట్టె దగ్గర ఆగలేదు. ఎంత బాగా కుదిరాయో అని మేమందరం మెచ్చుకున్నాం కూడా. మర్నాడు పొద్దున బాబాయి ఆఫీసుకు వెళ్ళారు. గిన్నెలన్నీ మూటకట్టేశాం కాబట్టి నేను ఇడ్లీలు తేవడానికి బయల్దేరాను. హమాలీలు వచ్చి గోల చేస్తే బెదురుతుందని మేస్త్రిని పెట్టెలో పెట్టి, గడియ వేసి, దుప్పటి కప్పి, "ఇప్పుడే వస్తా" అని నా కుడికాలి చెప్పు దాని ముందు వదిలి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి వరండా ఊడ్చినట్టుంది. ఆ ఖాళీ గచ్చు నట్టనడుమ నా కుడికాలి చెప్పు ఒక్కటే ఉంది.

చెప్పు చేత్తో పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. పిన్ని పెరట్లో పాలవ్వకు తులసి కుండీ అప్పగిస్తోంది. "లారీ వచ్చి వెళ్ళిందిరా. వరండాలో ఉన్నవన్నీ ఎక్కించుకోమన్నాను. మేస్త్రిని నువ్వు వెంట తీసుకెళ్ళావుగా?" అంది. నా ముఖం చూసింది. తర్వాత చెప్పు చూసింది. అంతే, గోడకు ఆనుకుని ఏడుపు అందుకుంది. పాలవ్వే మొదట తేరుకుంది. "ఏడుస్తవేందమ్మా! చౌరస్తల చాయ్ తాగి ఇగ యాడ ఆగకుంట పోతమని గా డ్రైవరు అన్నడు గద, నేను ఇన్న. ఉరుకు బిడ్డా, జల్దీ ఉరుకు!" సంగారెడ్డి చౌరస్తా దాటితే ఆ లారీ మళ్ళీ ఎక్కడ ఆగుతుందో, చుక్క నీళ్ళు లేకుండా ఆ ముసలి ప్రాణం దుప్పటి కింద ఎన్ని గంటలుంటుందో ఊహించడానికే భయమేసింది. రోడ్డు మీదికి పరిగెత్తి, కదులుతున్న సంగారెడ్డి బస్సు పట్టుకున్నాను.

"ఏంది భయ్, గంత పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు కండక్టర్. చెప్పాను. టికెట్లు కొట్టడం ఆపేశాడు. "మా అన్న ఎన్నేండ్ల సందో బొంబాయి పోత, బొంబాయి పోత అంటడు. చౌరస్తా దాటలే. మీ కుక్క పోయిందా?" బస్సు బస్సంతా నోరు తెరిచి నా వైపు తిరిగింది. డ్రైవరు స్టాపులు ఎగ్గొట్టాడు. దిగాల్సిన వాళ్ళు కూడా దిగుతామనలేదు, ఏమవుతుందో చూద్దామని.

చౌరస్తాలో చాయ్ హోటలు ముందు లారీ ఉంది. ఇంజను అప్పుడే స్టార్టు చేస్తున్నారు. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. సంగతి విన్న డ్రైవరు చేతిలోని బీడీ కింద పడిపోయింది. "యా అల్లా! గా డబ్బా మీద ఛత్రీ ఉన్నది, గిలాస్ ఉన్నది. నలుగురం కలిసి పెండ్లిపిల్లను ఎక్కిచ్చినట్టు ఎక్కిచ్చినం. తొవ్వ పొడుగూత లోపట టక్ టక్ అంటున్నది. గోడగడియారం అనుకున్న సాబ్!" అన్నాడు. అంత మెత్తగా ఎత్తారు కాబట్టే అది కిక్కురుమనలేదు. నేను పైకెక్కి దుప్పటి తీశాను. మేస్త్రి పిన్ని చీర మీద గడ్డం ఆనించి నిమ్మళంగా చూసింది. నన్ను చూసి తోకతో చెక్కను కొట్టింది. టక్ టక్. గడియ తీసి రమ్మన్నాను. రాలేదు. బతిమాలాను. రాలేదు. "రా నాన్నా" అనాల్సిన మనిషి నేను కాదు మరి. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి వెక్కిళ్ళు పట్టాయి. "గా చేతిల పొట్లం ఏంది?" అని డ్రైవరు అడిగేదాకా ఇడ్లీలు నా చేతిలోనే ఉన్నాయని కూడా తెలియదు. తలా ఒకటి తిన్నాం, మేస్త్రి రెండు తింది. హమాలీలు మళ్ళీ పెళ్ళికూతుర్ని దించినట్టు దించి, పటాన్‌చెరు పోతున్న ఖాళీ ట్రాక్టరు ట్రాలీలోకి ఎక్కించారు. ఇంటి గేటు దగ్గర పిన్ని నిలబడే ఉంది. పక్కన బాబాయి, ఆఫీసు బట్టల్లో, ఎర్రబడ్డ కళ్ళతో. "మీ గొడుగూ మీరూనూ!" అంది పిన్ని. ఆవిడ వంగి "రా నాన్నా" అనగానే మేస్త్రి ఒళ్ళు విరుచుకుని బయటికి వచ్చి, అందరినీ వదిలేసి, ముందు బాబాయి చేతులు నాకింది. ఆయన అక్కడే మట్టిలో కూర్చుండిపోయారు.

నాంపల్లి స్టేషన్లో గార్డు బోగీలోకి పెట్టె ఎక్కించినప్పుడు మేస్త్రి ఒక్క అరుపు కూడా అరవలేదు. గార్డే ఆశ్చర్యపోయాడు. తలుపు వేసేముందు అలవాటుగా నా నోట "ఇప్పుడే వస్తా" అని వచ్చేసింది. సందుల్లోంచి అది నా కాళ్ళవైపు చూసింది. ఆరోజు నేను బూట్లు వేసుకున్నాను, వదలడానికి చెప్పు లేదు. అయినా నమ్మింది. టక్ టక్ అని రెండు దెబ్బలు వినపడ్డాయి, బండి కదిలింది. నేను పటాన్‌చెరులో కిరాయి గదికి మారాను. కొన్నాళ్ళపాటు సైరన్ మోగితే ఆలస్యమైన వాణ్ణి నేనే అయినా, అరిచే వాళ్ళు లేరు.

మరుసటి ఎండాకాలం సెలవు పెట్టి బొంబాయి వెళ్ళాను. ఆ చిన్న ఫ్లాటు వరండాలో అదే పెట్టె, అదే గొడుగు గుర్తు. మేస్త్రి లేచి వచ్చి, నా పాదాలు వాసన చూసి, నా ముఖంకేసి ఒక చూపు చూసింది. 'ఇదా నీ ఇప్పుడే?' అన్నట్టే ఉంది. ఉన్నన్నాళ్ళూ నా వెనకే తిరిగింది. బయల్దేరే రోజు చూస్తే నా కుడికాలి చెప్పు లేదు. ఇల్లంతా వెతికాం. చివరికి పిన్ని పెట్టెలోకి తొంగి చూసి, చేత్తో సైగ చేసి నన్ను పిలిచింది. చెప్పు దాని పొట్ట కింద ఉంది. రెండు కాళ్ళూ దానిమీద వేసుకుని పడుకుంది. "రా నాన్నా" అంటే కూడా, మొదటిసారిగా, రాలేదు. నేను బాబాయి చెప్పులు వేసుకుని స్టేషనుకు వెళ్ళాను.

ఆ చెప్పు నేను తిరిగి తెచ్చుకోలేదు. ఇప్పుడు నాకూ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, పెట్టెలో కూర్చోమంటే కూర్చోలేను. కానీ గుమ్మం దాటుతూ "ఇప్పుడే వస్తా" అన్నప్పుడల్లా నా కాళ్ళకేసి ఒకసారి చూసుకుంటాను, రెండు చెప్పులూ ఉన్నాయా అని. ఎప్పుడూ ఉంటాయి. అవి రెండూ ఉన్నందుకే ఏదో వెలితిగా ఉంటుంది.