అవ్వ కోసం చెక్కిన అక్షరాలు

డెబ్బైలలో వరంగల్లు గోడల మీద పెద్దగా కనబడిన మాటల్లో సగం ఇస్సాకు చేతిలోంచి వచ్చినవే. సర్కసు వచ్చినా, ఎన్నికలు వచ్చినా, బట్టల దుకాణం వాడు చవక ధరలని కేకపెట్టినా ఆ కేకకు గొంతు ఇచ్చింది ఇతనే. వెంకట్రాజం ప్రెస్సులో వాల్‌పోస్టర్లకు కర్ర అక్షరాలు చెక్కడం అతని పని. ఊరంతా చదివేవాళ్లే గానీ, వీటిని చెక్కింది ఎవరని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

1974లో అతను సొంతంగా ఒక కొత్త వరుస చెక్కాడు. ఇంగ్లీషు పోస్టర్లలోని అక్షరాలకు లావాటి నిలువు గీతలు, వాటి చివర్లలో చిన్న పాదాలు ఉండేవి. అవి అతని మనసులో పడ్డాయి. మన అక్షరం గుండ్రటిది, దానికి కాళ్లెక్కడివి? ఆరు నెలలు దానితో కుస్తీ పట్టాడు. కింది వంపును బరువుగా, పై వంపును సన్నగా చేసి, తలకట్టు కొసనా గీత ఆగేచోటా మడమ లాంటి చిన్న అంచు పెట్టాడు. చౌరస్తాలో బస్సు ఆగకపోయినా లోపలివాళ్లు ఆ అక్షరాలను చదివేసేవారు. వెంకట్రాజం మురిసిపోయి సినిమాకూ అవే, మరణవార్తకూ అవే వాడాడు. చావు కబురును సర్కసు గొంతుతో చెప్పడం ఏం మర్యాదో ఆయనకే తెలియాలి.

కొత్తవాడలో, మగ్గాల చప్పుడు మధ్య ఒక గదిలో ఇస్సాకు, అతని తల్లి హన్నా ఉండేవారు. హన్నా ముప్పై దాటాక, చర్చిలో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో చదువు నేర్చుకుంది. బైబిలు ముందున్న ఖాళీ పేజీలో ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఆమే రాసింది. భర్త జయరాజు, కూతురు దీనమ్మ, పురిటిలో పోయిన కోడలు, ఇస్సాకు భార్య కమల. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ మూడు పేర్లనూ వేలు పెట్టి, పైకి చదివేది.

1982లో ఆమె చూపు మందగించింది. కంటి నరం ఎండిపోతోందనీ, ఆపరేషన్‌తో లాభం లేదనీ దవాఖానలో చెప్పారు. ఆదివారం పేజీ తెరిచి, కళ్లు చికిలించి, ఏడుపు మింగుకుని మూసేసేది.

“నీకు నోటికే వచ్చు గదా అవ్వా, చెప్పరాదు?” అన్నాడు ఇస్సాకు.

“చెప్పుడు వేరు, చదువుడు వేరు కొడుకా. చదువుతే వాళ్లు ఎదురుంగ నిలవడ్డట్టుంటది. చెప్తే నేనొక్కదాన్నే ఉన్నట్టుంటది.”

ఆ మాట ఇస్సాకుకు గుచ్చుకుంది. ఊరందరికీ కనబడేలా చెక్కేవాడు కన్నతల్లికి మూడు పేర్లు చూపించలేడా? కనబడకపోతే లావు చెయ్యడం, పోస్టర్ల వాళ్లకు తెలిసిన మందు అదొక్కటే. అదే చేశాడు. తన అక్షరాలనే రెండింతలు లావు చేసి, పేరుకొక కాగితం అచ్చువేసి, పొద్దుటి ఎండలో ఆమె ముందు పట్టుకున్నాడు.

“నల్లగ మబ్బు లెక్కున్నది కొడుకా,” అంది హన్నా.

అక్షరాల లోపలి తెలుపంతా పూడిపోయింది. కన్ను చదివేది నలుపును మాత్రమే కాదనీ, దాని మధ్యనున్న తెలుపును కూడా అనీ ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్నవాడికి ఆ పొద్దున తెలిసింది. సిగ్గుతో తల వంచుకున్నాడు. లోపలి ఖాళీలను విప్పి మళ్లీ చెక్కడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఆమె చూపు పూర్తిగా పోయింది.

అయినా కొత్త కాగితం చేతికిస్తే ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టింది. “ఆ కర్రనే ఇటియ్యి,” అని కర్ర అక్షరం మీద వేలు జరిపింది. సగంలోనే ఆగిపోయింది. “ఇదేందిరా? ఇది నేను నేర్చుకున్న అక్షరం కాదు.”

కాగితం మీద సరిగా పడాలంటే కర్ర మీద అద్దంలో కనబడినట్టు తిప్పి చెక్కాలి. ఇస్సాకు బతుకంతా తిప్పి చెక్కడమే. ఇప్పుడు తిన్నగా చెక్కబోతే చెయ్యి మాట వినలేదు. ఒకటో తరగతి పిల్లాడిలా వంకర్లు పోయి, ‘జ’ ఒక్కదానికే నాలుగు కర్రలు పాడుచేశాడు.

“ఇవి ఏ మిషన్ల వడ్తయి ఇస్సాకూ? కర్ర ఆగం జేస్తున్నవ్,” అన్నాడు వెంకట్రాజం.

“మిషన్‌కు కాదు సారూ, మా అవ్వకు.”

వెంకట్రాజం ఇంకో కర్ర తీసి అతని ముందు పెట్టాడు.

మూడు పేర్లనూ ఒక పలక మీద బిగించి, ఆదివారం ఆమె ఒళ్లో పెట్టాడు. హన్నా వేలు మెల్లగా నడిచింది. “జయరాజు,” అంది. కళ్లనుంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా మిగిలిన రెండు పేర్లూ చదివింది. తర్వాత కిందనున్న ఖాళీ చెక్కను తడిమింది.

“ఈడ నా పేరు సుత చెక్కు.”

“అదేం మాట అవ్వా! బతికున్న మనిషి పేరు ఆడ పెడ్తరా?”

“నేను పోయినంక చెక్కితే నేనెట్ల చదువుత?”

వారం రోజులు ఇస్సాకు ఆ పలక జోలికి పోలేదు. తల్లి మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాడేమో, ఆమె ఊరుకోవడమే అతనికి భరించరానిదైంది. చివరికి చెక్కాడు.

ఆ తర్వాతి ఆదివారం హన్నా తన పేరు మీద రెండుసార్లు వేలు నడిపింది. “మంచిగ చెక్కినవ్,” అని పలకను కొడుకు వైపు జరిపింది. “నా వంతయింది. ఇగ నువ్వు చదువు.”

ఇస్సాకు చదివాడు. నాలుగో పేరు దగ్గరికి రాగానే పలక మీంచి వేలు తీసేశాడు. తల్లి చీకట్లో తడుముకున్నట్టు వెతికి అతని వేలు పట్టుకుని, తన పేరులోని మొదటి అక్షరం మీద పెట్టింది.